ఖజానా తలుపులు మూసిన చలికాలం

ధారావాహిక: వైట్ హౌస్‌కీ కాపిటల్ కొండకీ మధ్య – 9

(గత సంచికలో: వాటర్‌గేట్ తర్వాత పదవిలోకి వచ్చిన గెరాల్డ్ ఫోర్డ్ రెండున్నరేళ్లలో 66 బిల్లులను వీటో చేయడం, ప్రతిపక్షం చేతిలో ఉన్న కాంగ్రెస్ వాటిలో పన్నెండింటిని తిప్పికొట్టడం చూశాం.)

1995 డిసెంబరు 6. వైట్ హౌస్‌లో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ముందు కాంగ్రెస్ పంపిన ఒక బిల్లు ఉంది. ఏడేళ్లలో దేశ బడ్జెట్‌లో లోటు లేకుండా చేస్తామన్న బిల్లు అది. ఆయన చేతిలో ఉన్న కలం మాత్రం ముప్ఫై ఏళ్ల నాటిది.

1965 జూలై 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే ఊళ్లో, 81 ఏళ్ల మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని లిండన్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశారు. అరవై అయిదేళ్లు దాటిన అమెరికన్లకు ఆసుపత్రి ఖర్చుల భయం తగ్గించిన చట్టం అది. ఆనాడు జాన్సన్ వాడిన కలాన్ని క్లింటన్ ప్రత్యేకంగా తెప్పించుకున్నారు. మెడికేర్‌కు ప్రాణం పోసిన కలంతోనే, మెడికేర్ ఖర్చుకు కళ్లెం వేసే బిల్లును వెనక్కి పంపుతున్నానని దేశానికి చెప్పడం ఆయన ఉద్దేశం.

అప్పటికే ఒకసారి ప్రభుత్వం మూతపడి తెరుచుకుంది. మరో పది రోజుల్లో మళ్లీ మూతపడబోతోంది. ఈసారి ఇరవై ఒక్క రోజులు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రెండూ ఆ రోజుల్లోనే గడిచాయి. బడ్జెట్ కాగితం మీద ఏ అంకె ఉండాలో తేలక, ఆ కాగితంతో ఏ సంబంధమూ లేని లక్షల కుటుంబాలు జీతం కోసం ఎదురుచూశాయి. ఆ చలికాలం కథే ఈ సంచిక.

ఆపగలడు, రాయలేడు

అమెరికా రాజ్యాంగంలో ‘వీటో’ అన్న మాటే లేదు. లాటిన్‌లో ‘నేను అడ్డుపడుతున్నాను’ అని దాని అర్థం. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్న పెద్దలు మొదటి అధికరణం ఏడో సెక్షన్‌లో రాసింది ఇంతే: ఉభయ సభలూ ఆమోదించిన బిల్లు అధ్యక్షుడి దగ్గరకు వస్తుంది. ఆదివారాలు మినహా పది రోజుల్లో ఆయన సంతకం పెట్టాలి, లేదా తన అభ్యంతరాలు రాసి, బిల్లు పుట్టిన సభకు తిప్పి పంపాలి. ఆ తర్వాత రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మంది మళ్లీ ఓటేస్తే అధ్యక్షుడు వద్దన్నా అది చట్టమవుతుంది.

ఆ ‘మూడింట రెండు వంతులు’ అన్న మాటలోనే అధ్యక్షుడి బలమంతా ఉంది. సభ్యులంతా హాజరైతే ప్రతినిధుల సభలో 435 మందికి 290 మంది కావాలి. సెనేట్‌లో 100 మందికి 67 మంది కావాలి. మరో రకంగా లెక్కేస్తే, సెనేట్‌లో 34 మంది తన వెంట నిలబడితే చాలు, అధ్యక్షుడి మాటే నెగ్గుతుంది. జార్జి వాషింగ్టన్ 1792 ఏప్రిల్ 5న తొలి వీటో వాడిన నాటి నుంచి కాంగ్రెస్ తిప్పికొట్టగలిగిన వీటోలు నూటికి అయిదు కూడా లేవు.

అయితే వీటోకు ఒక పరిమితి ఉంది. అది అడ్డుకునే అధికారమే తప్ప రాసే అధికారం కాదు. తనకు నచ్చిన బడ్జెట్‌ను అధ్యక్షుడు తనంతట తాను చట్టం చేసుకోలేడు. కాంగ్రెస్ ఒక పార్టీ చేతిలో, అధ్యక్ష పీఠం మరో పార్టీ చేతిలో ఉన్నప్పుడు ఒకరికి రాసే శక్తి, ఇంకొకరికి ఆపే శక్తి ఉంటాయి. ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప బండి కదలదు.

మన దగ్గర ఈ ముడి ఇలా పడదు. లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే ఆ ప్రభుత్వమే దిగిపోతుంది. రాజ్యాంగంలోని 111వ అధికరణం కింద రాష్ట్రపతి ఒక బిల్లును పునఃపరిశీలనకు పంపవచ్చు కానీ, ద్రవ్య బిల్లును అలా పంపడానికి వీల్లేదు. పార్లమెంటు రెండోసారి ఆమోదించి పంపిన బిల్లుకు ఆమోదముద్ర వేయాల్సిందే. అమెరికాలో అధ్యక్షుడినీ కాంగ్రెస్‌నూ ప్రజలు విడివిడిగా ఎన్నుకుంటారు. ఎవరి పదవీకాలం వాళ్లది. బడ్జెట్ తగాదాలో ఎవరూ ఎవరినీ ఇంటికి పంపలేరు.

నలభై ఏళ్ల తర్వాత

1994 నవంబరు 8 మధ్యంతర ఎన్నికలు వాషింగ్టన్ లెక్కలన్నిటినీ తారుమారు చేశాయి. ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు అదనంగా 54 స్థానాలు గెలిచి, నలభై ఏళ్ల తర్వాత ఆ సభను చేజిక్కించుకున్నారు. సెనేట్ కూడా వాళ్ల వశమైంది. డెమోక్రాట్ల స్పీకర్ టామ్ ఫోలీ తన సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు. అంతర్యుద్ధ కాలం తర్వాత, ఒక స్పీకర్ సొంత సీటు పోగొట్టుకోవడం అదే మొదలు.

ఈ విజయానికి సారథి న్యూట్ గింగ్రిచ్. జార్జియా రాష్ట్రంలో ఒకప్పుడు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. ఎన్నికలకు ఆరు వారాల ముందు, సెప్టెంబరు 27న, మూడు వందల మందికి పైగా రిపబ్లికన్ అభ్యర్థులను కాపిటల్ భవనం మెట్ల మీద నిలబెట్టి ‘అమెరికాతో ఒప్పందం’ అనే పత్రం మీద సంతకాలు పెట్టించారు. గెలిస్తే నూరు రోజుల్లో ఫలానా బిల్లులు సభ ముందుకు తెస్తామన్న హామీ అది. గెలిచి వచ్చిన వాళ్లలో 73 మంది కొత్త సభ్యులు. ఆ మెట్ల మీద చేసిన ప్రమాణాన్ని వాళ్లు మనసా వాచా నమ్మారు. వెనక్కి తగ్గడం వాళ్ల దృష్టిలో ఓటర్లకు చేసే ద్రోహం.

సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు బాబ్ డోల్ తీరు వేరు. కాన్సస్ మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో తగిలిన గాయానికి కుడి చెయ్యి శాశ్వతంగా పట్టు కోల్పోయింది. దశాబ్దాలుగా రెండు పార్టీల మధ్య రాజీలు కుదిర్చి చట్టాలు నడిపిన అనుభవశాలి. 1996లో క్లింటన్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేయాలన్నది ఆయన తలపు. స్పీకర్‌ను కాదంటే సొంత పార్టీ కార్యకర్తలు దూరమవుతారు, స్పీకర్ వెంటే నడిస్తే మధ్యేవాదులు దూరమవుతారు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇక క్లింటన్. మొదటి రెండేళ్లలో ఆయన ఒక్క బిల్లునూ వీటో చేయలేదు. కాంగ్రెస్ తన పార్టీదే కాబట్టి ఆ అవసరం రాలేదు. 1995 వసంతానికి వాషింగ్టన్‌లో అందరి కళ్లూ స్పీకర్ మీదే ఉన్నాయి. ఏప్రిల్ 18 రాత్రి క్లింటన్ విలేఖరుల సమావేశం పెడితే, మూడు పెద్ద టీవీ నెట్‌వర్కుల్లో ఒక్కటే దాన్ని ప్రత్యక్షంగా చూపించింది. మీ మాట ఇంకా ఎవరికైనా వినబడుతోందా అన్న అర్థం వచ్చే ప్రశ్న ఎదురైంది. రాజ్యాంగమే తనకు ప్రాధాన్యం ఇచ్చిందని ఆయన జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

తెల్లవారితే ఏప్రిల్ 19. ఆ ఉదయం ఓక్లహోమా సిటీలో మర్రా ఫెడరల్ భవనం ముందు లారీ బాంబు పేలింది. 168 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లల సంరక్షణ కేంద్రంలోని పసివాళ్లూ, చాలామంది ఫెడరల్ ఉద్యోగులూ ఉన్నారు. ‘ప్రభుత్వం’ అని అందరూ తేలిగ్గా తిడుతూ వచ్చిన ఆ పదం వెనుక మనుషులున్నారని దేశం ఆ శిథిలాల ముందు నిలబడి చూసింది. ఆ భవనం నుంచి బయటపడిన ఒక ఉద్యోగి ఈ కథ చివర మళ్లీ కనిపిస్తాడు.

జూన్ 7న క్లింటన్ తన తొలి వీటో వాడారు. అంతకు ముందే మంజూరైన ఖర్చులో 1,640 కోట్ల డాలర్లు కోత పెట్టే బిల్లు అది. నాలుగు రోజుల తర్వాత, జూన్ 11న, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని క్లేర్‌మాంట్ అనే చిన్న ఊళ్లో వృద్ధుల ముందు ఆయనా గింగ్రిచ్చూ పక్కపక్కన కూర్చుని మర్యాదగా చర్చించుకున్నారు. ఎన్నికల ఖర్చుల సంస్కరణ మీద సంఘం వేద్దామని ఒక పెద్దాయన అడిగితే, అందరి ముందూ కరచాలనం చేసి సరేనన్నారు. ఆ సంఘం ఏర్పడలేదు. ఆ చేతులే అయిదు నెలల తర్వాత ఒకరి బిల్లును ఒకరు తోసేశాయి.

అంకెల మీద యుద్ధం

గొడవ దేని మీద? పైకి చూస్తే ఇద్దరి గమ్యమూ ఒకటే. 1995లో దేశ బడ్జెట్ లోటు 16,400 కోట్ల డాలర్లు. దాన్ని సున్నా చేయాలని రిపబ్లికన్లు అన్నారు. జూన్ 13న క్లింటన్ కూడా సరేనన్నారు. రిపబ్లికన్లు ఏడేళ్లన్నారు, ఆయన పదేళ్లన్నారు. లెక్కలు కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం వేసినవే చెల్లాలని వాళ్లన్నారు. వైట్ హౌస్ బడ్జెట్ కార్యాలయం లెక్కలు వేరు. వచ్చే ఏడేళ్లలో ఆర్థిక వ్యవస్థ ఎంత వేగంగా పెరుగుతుందన్న అంచనాలో పిసరంత తేడా ఉంటే చాలు, చివర్లో వేల కోట్ల డాలర్లు మారిపోతాయి.

అసలు ముడి మెడికేర్ దగ్గర పడింది. రిపబ్లికన్ల పథకం ప్రకారం ఏడేళ్లలో మెడికేర్ పెరుగుదలలో 27,000 కోట్ల డాలర్లు తగ్గించాలి. అదే పథకంలో పన్నుల తగ్గింపు 24,500 కోట్ల డాలర్లు. ఖర్చు ఆపేయడం లేదు, పెరిగే వేగాన్ని మాత్రమే తగ్గిస్తున్నాం, లేకపోతే మెడికేర్ నిధి ఖాళీ అవుతుంది అన్నది రిపబ్లికన్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. క్లింటన్ సొంత పథకంలోనూ కోత ఉంది, కాకపోతే అది చిన్నది. కానీ 27,000, 24,500 అన్న రెండంకెలు పక్కపక్కన కనిపించేసరికి, ముసలివాళ్ల మందుల డబ్బు తీసి సంపన్నులకు పంచుతున్నారని డెమోక్రాట్లు ఊరూరా ప్రచారం చేశారు. ఆ మాట జనంలోకి బలంగా వెళ్లింది.

అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. ఆనాటికి 13 వ్యయ బిల్లులు చట్టాలు కావాలి, కాలేదు. నవంబరు 13 దాకా గడిచేందుకు తాత్కాలిక బిల్లు ఒకటి సర్దారు. అక్టోబరు 3న క్లింటన్ వీటో చేసిన బిల్లు కాంగ్రెస్ సొంత ఖర్చులకు సంబంధించింది. మిగతా దేశం పని పూర్తి చేయకుండా కాంగ్రెస్ ముందు తన ఇల్లు చక్కదిద్దుకోకూడదన్నది ఆయన చెప్పిన కారణం.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. బడ్జెట్ ఆలస్యమైతే కార్యాలయాలు మూతపడాలన్న ఆచారం అమెరికా పుట్టుకతో రాలేదు. కాంగ్రెస్ మంజూరు చేయని డబ్బు ఖర్చుపెట్టరాదన్న చట్టం 19వ శతాబ్దం నుంచీ ఉంది. అయినా వ్యయ బిల్లులు ఆలస్యమైతే, డబ్బు వెనకో ముందో వస్తుందన్న ధీమాతో కార్యాలయాలు నడుస్తూనే ఉండేవి. 1980 ఏప్రిల్‌లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ చట్టాన్ని అక్షరాలా చదివారు. మంజూరు లేకపోతే పని ఆగాల్సిందేనన్నారు. 1981 జనవరిలో ఇంకో అభిప్రాయంలో ప్రాణాలకూ ఆస్తికీ రక్షణనిచ్చే పనులకు మినహాయింపు ఇచ్చారు. ఆ రెండు పత్రాలతో వీటో స్వభావమే మారింది. అంతకు ముందు వీటో అంటే ఒక బిల్లు ఆగడం. ఆ తర్వాత వ్యయ బిల్లు మీద వీటో అంటే గుమాస్తా జీతమూ ఆగడం.

నవంబరు రాత్రి

నవంబరు 13న కాంగ్రెస్ మరో తాత్కాలిక బిల్లు పంపింది. కానీ దాంతో పాటు ఒక మెలిక పెట్టింది. 1996 జనవరిలో చట్టప్రకారం తగ్గాల్సిన మెడికేర్ ప్రీమియం వాటా తగ్గకుండా ఆపే నిబంధన అది. క్లింటన్ వీటో చేశారు. ప్రభుత్వ అప్పు పరిమితిని షరతులతో పెంచే బిల్లునూ అదే రోజు వీటో చేశారు. అప్పటికి ఆ పరిమితి 4.9 లక్షల కోట్ల డాలర్లు. దివాలా తప్పించడానికి ఆర్థిక మంత్రి రాబర్ట్ రూబిన్ ఉద్యోగుల పింఛను నిధుల లెక్కలను తాత్కాలికంగా సర్దుబాటు చేసి గండం గట్టెక్కించారు.

ఆ రాత్రి వైట్ హౌస్‌లో నాయకులు సమావేశమయ్యారు. ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల ఉపనాయకుడు డిక్ ఆర్మీ, మెడికేర్ గురించి డెమోక్రాట్లు చేసే ప్రచారం తన అత్తగారిని భయపెట్టిందని ఫిర్యాదు చేశారట. ప్రజాభిప్రాయ సేకరణలో తన మద్దతు అయిదు శాతానికి పడిపోయినా ఆ బడ్జెట్‌ను చట్టం కానివ్వనని తాను తెగేసి చెప్పానని క్లింటన్ తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. రాజీ కుదరలేదు. అర్ధరాత్రి దాటింది.

నవంబరు 14 మంగళవారం పొద్దున ఫెడరల్ ఉద్యోగులు రోజూలాగే ఆఫీసులకు వచ్చారు. కొన్ని గంటలకే దాదాపు 8 లక్షల మందికి ఇళ్లకు వెళ్లమన్న ఉత్తర్వులందాయి. అధికారిక భాషలో సిబ్బంది రెండు రకాలు, ‘అత్యవసరం’, ‘అత్యవసరం కానివారు’. ఇరవై ఏళ్లు పింఛను దరఖాస్తులు పరిష్కరించిన మనిషి ఒక్క పూటలో రెండో జాబితాలో పడిపోతే కలిగే బాధ వేరు. జీతం తర్వాత వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు. ‘నీ పని లేకపోయినా నడుస్తుంది’ అన్నట్టున్న ఆ మాట జీతం కన్నా లోతుగా గుచ్చుకుంది.

వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలు మూసేశారు. న్యూయార్క్ రేవులో స్వేచ్ఛా ప్రతిమ దగ్గరకు వెళ్లే దారి లేదు. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్‌ను, 1919లో జాతీయ ఉద్యానవనమైన తర్వాత మొదటిసారి, సందర్శకులకు మూసేశారు. ఆ రాష్ట్ర గవర్నర్ ఫైఫ్ సిమింగ్టన్ నేషనల్ గార్డు సిబ్బందిని వెంటపెట్టుకుని వచ్చి తెరిపించాలని చూశారు.

ఈ గందరగోళం మధ్యలో గింగ్రిచ్ నోరు జారారు. నవంబరు 4న ఇజ్రాయెల్ ప్రధాని ఇట్జాక్ రబీన్ హత్యకు గురయ్యారు. అంత్యక్రియలకు అధ్యక్షుడి విమానంలో గింగ్రిచ్, డోల్ కూడా వెళ్లారు. నవంబరు 15న విలేఖరులతో ఉపాహారం చేస్తూ స్పీకర్ తన మనసులోని మాట బయటపెట్టారు. అంతసేపు ప్రయాణంలో అధ్యక్షుడు తమతో బడ్జెట్ ఊసే ఎత్తలేదని, తమను వెనుక తలుపు నుంచి దింపారని, తాత్కాలిక బిల్లు అంత కఠినంగా ఉండడానికి అదీ కొంత కారణమని అన్నారు.

మరునాడు న్యూయార్క్ డెయిలీ న్యూస్ మొదటి పేజీ నిండా ఒక వ్యంగ్యచిత్రం. అందులో గింగ్రిచ్ లంగోటా కట్టుకుని, పాలసీసా పట్టుకుని గుక్కపెట్టి ఏడుస్తున్న పసివాడు. ఆ విమానంలోనే క్లింటన్, గింగ్రిచ్, డోల్ కలిసి మాట్లాడుకుంటున్న ఫొటోను వైట్ హౌస్ విడుదల చేసింది. బడ్జెట్ సమతుల్యం అనే గంభీరమైన వాదన, దాని వెనుక ఉన్న నిజాయితీ, అన్నీ ఆ ఒక్క బొమ్మ కింద మరుగునపడ్డాయి. ప్రభుత్వం ఎందుకు మూతపడిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి జనానికి ఒక సులువైన కథ దొరికింది.

నవంబరు 19 ఆదివారం రాత్రి తాత్కాలిక రాజీ కుదిరింది. ఏడేళ్ల గడువు, కాంగ్రెస్ కార్యాలయం లెక్కలు, ఈ రెండింటికీ క్లింటన్ ఒప్పుకున్నారు. మెడికేర్, విద్య, పర్యావరణం కాపాడతామన్న మాటను రిపబ్లికన్లు ఒప్పందంలో చేర్చారు. ఉద్యోగులు తిరిగి వచ్చారు. అయితే ఆ రెండు వాక్యాల అర్థం ఏమిటన్నదాని మీద గొడవ మళ్లీ మొదటికొచ్చింది.

ఇరవై ఒక్క రోజులు

ఇక్కడితో కథ మళ్లీ డిసెంబరు 6 వీటో దగ్గరకు చేరుతుంది. జాన్సన్ కలంతో క్లింటన్ వెనక్కి పంపిన బిల్లును తిప్పికొట్టడానికి రిపబ్లికన్లకు బలం లేదు. సెనేట్‌లో వాళ్లు యాభైమూడు, యాభైనాలుగు మంది మాత్రమే. డిసెంబరు 15తో తాత్కాలిక నిధులు అయిపోయాయి. 16 నుంచి మళ్లీ తాళాలు.

డిసెంబరు 18, 19 తేదీల్లో క్లింటన్ మరో మూడు వ్యయ బిల్లులను వీటో చేశారు. ఉద్యానవనాలు, మాజీ సైనికుల వ్యవహారాలు, పర్యావరణ సంస్థ, న్యాయ, విదేశాంగ, వాణిజ్య శాఖలకు సంబంధించినవి అవి. పర్యావరణ నిబంధనలను నీరుగార్చే అంశాలు, పోలీసు నియామకాల పథకానికి కోత ఆయన చూపిన కారణాల్లో కొన్ని. ఈసారి సైన్యానికి బాధ లేదు, రక్షణ వ్యయ బిల్లు అప్పటికే చట్టమైంది. దాదాపు 2,80,000 మందిని ఇళ్లకు పంపారు. మరో 4,75,000 మంది జీతం లేకుండా పనిలో ఉండిపోయారు. జైలు కాపలాదారుడు కాపలా వదిలి వెళ్లలేడు. మాజీ సైనికుల ఆసుపత్రిలో నర్సు రోగిని వదిలి వెళ్లలేదు. ఆంబోతుల పోట్లాటలో లేగలు నలిగినట్టు అయింది వాళ్ల పరిస్థితి.

ఆ రోజుల్లో ఆగిన పనుల చిట్టా చదివితే ప్రభుత్వం అంటే ఏమిటో అర్థమవుతుంది. జాతీయ ఉద్యానవనాల సంస్థ చేతిలోని 368 స్థలాలు మూతపడ్డాయి. విషవ్యర్థాలు తొలగించే పనులు 609 చోట్ల నిలిచిపోయాయి. జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధనాసుపత్రి కొత్త రోగులను చేర్చుకోలేదు. సుమారు 2 లక్షల పాస్‌పోర్టు దరఖాస్తులు కదల్లేదు. విదేశాల నుంచి వచ్చే వీసా దరఖాస్తులు రోజుకు 20 వేల నుంచి 30 వేల దాకా పేరుకుపోయాయి. అప్పటికి హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ లేదు, అది 2008లో వచ్చింది. తెలుగువాళ్లు వీసా కోసం మద్రాసు వెళ్లాల్సిన రోజులవి. అమెరికా చదువుకో ఉద్యోగానికో కాగితాలు సిద్ధం చేసుకుంటున్న కుటుంబాలకు వాషింగ్టన్‌లోని వీటో ఏ పత్రికలోనో విదేశీ వార్త మాత్రమే కాదు.

జాతీయ చిత్రకళా మందిరంలో జరిగింది ఇంకో కథ. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ గీసినవి ప్రపంచం మొత్తం మీద మిగిలింది ముప్ఫై అయిదు దాకా. వాటిలో 21 చిత్రాలను వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి ఒకేచోట వేలాడదీశారు. నవంబరు 12న ప్రదర్శన తెరిచారు. రెండు రోజులకే తాళం పడింది. మళ్లీ తెరిచారు, డిసెంబరులో మళ్లీ మూశారు. కిటికీలోంచి పడే వెలుగులో ఉత్తరం చదువుకునే స్త్రీ, త్రాసు పట్టుకున్న స్త్రీ, ఎవరూ చూడని చీకటి గదుల్లో ఉండిపోయారు. చివరికి డిసెంబరు నెలాఖరులో ప్రైవేటు నిధులు సమకూర్చి ఆ గదులను మాత్రం తెరిచారు. చలిలో బారులు తీరి జనం లోపలికి వెళ్లారు.

అదే డిసెంబరులో ఒక వీటో తిరగబడింది కూడా. వాటాదారుల వ్యాజ్యాలకు పరిమితులు పెట్టే బిల్లును క్లింటన్ 19న వెనక్కి పంపితే, ప్రతినిధుల సభ 319–100 ఓట్లతో, సెనేట్ 68–30తో తిప్పికొట్టాయి. క్లింటన్ మొదటి పదవీకాలంలో వీగిపోయిన వీటో అదొక్కటే. సొంత పార్టీ సభ్యులే అటు ఓటేసినప్పుడు అధ్యక్షుడి కలానికి ఆ బలం ఉండదు. బడ్జెట్ విషయంలో మాత్రం డెమోక్రాట్లు ఒక్క తాటి మీద నిలిచారు.

క్రిస్మస్ వెళ్లింది. వైట్ హౌస్‌లో గంటల కొద్దీ చర్చలు సాగాయి. క్లింటన్, గింగ్రిచ్ ఇద్దరూ విధానాల గురించి మాట్లాడటమంటే ఇష్టపడే మనుషులే. రాజీకి దగ్గరగా వచ్చిన రోజులున్నాయి. కానీ స్పీకర్ తిరిగి కాపిటల్‌కు వెళితే ఆ 73 మంది కొత్త సభ్యులు ఎదురు నిలిచేవారు. ఆయన తెచ్చిన సేనే ఆయన చేతులు కట్టేసింది.

ముడి విప్పింది డోల్. 1996 జనవరి 2న సెనేట్‌లో లేచి, జరిగింది చాలని, ఉద్యోగులను పనిలోకి పిలవాలని ప్రతిపాదించి సభ చేత ఒప్పించారు. మూడు రోజుల తర్వాత గింగ్రిచ్ కూడా తన సభ్యులను ఒప్పించారు. జనవరి 6న ప్రభుత్వం తెరుచుకుంది. సోమవారం పొద్దున ఉద్యోగులు ఆఫీసుకు బయల్దేరాల్సింది. కానీ ఆ వారాంతంలో మంచు తుపాను రాజధానిని కప్పేసింది. ఇరవై ఒక్క రోజుల తర్వాత కూడా తలుపులు వెంటనే తెరుచుకోలేదు.

ఉద్యోగులకు బకాయి జీతాలు ఇచ్చారు. చేయనివ్వని పనికీ జీతం చెల్లించినందువల్ల, ఆగిన రుసుముల వల్ల రెండు మూతలకూ కలిపి ఖజానాకు 140 కోట్ల డాలర్ల భారం పడిందని ప్రభుత్వ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. పొదుపు కోసం మొదలైన పోరాటం అది.

గ్యాలరీలో ఒక మనిషి

1996 జనవరి 23న కాంగ్రెస్ ఉభయ సభల ముందు క్లింటన్ ప్రసంగించారు. పెద్ద ప్రభుత్వాల కాలం ముగిసిందని చెప్పి రిపబ్లికన్ల వాదనలో సగం తనదిగా చేసుకున్నారు. తర్వాత గ్యాలరీలో తన భార్య హిల్లరీ పక్కన కూర్చున్న ఒక వ్యక్తిని చూపించారు. సోషల్ సెక్యూరిటీ శాఖ ఉద్యోగి, వియత్నాం యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుడు. ఓక్లహోమా సిటీలో బాంబు పేలినప్పుడు ఆ భవనంలోనే ఉన్నాడు. బయటపడి కూడా మళ్లీ శిథిలాల్లోకి వెళ్లి ముగ్గురు స్త్రీలను కాపాడాడు.

సభ మొత్తం లేచి నిలబడింది. రిపబ్లికన్లు కూడా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక క్లింటన్ మిగతా సగం చెప్పారు. నవంబరులో ఇదే ఉద్యోగిని ఆఫీసు నుంచి పంపేశారు. రెండోసారి మూసినప్పుడు ఆయన జీతం లేకుండా పనిచేశాడు. ఇంకెప్పుడూ ప్రభుత్వాన్ని మూయకండని అధ్యక్షుడు సభను కోరారు. ఆ ఉద్యోగిని ‘అత్యవసరం కాని’ జాబితాలో వేయాల్సి వచ్చిన కారణం ఏమిటో ఆ క్షణంలో ఎవరూ లేచి చెప్పలేకపోయారు.

ఎవరు గెలిచారు?

ఆ ఆర్థిక సంవత్సరం బడ్జెట్ పూర్తిగా తేలేసరికి 1996 ఏప్రిల్ 26 వచ్చింది. సంవత్సరంలో సగానికి పైగా గడిచిపోయింది. క్లింటన్‌కు పర్యావరణం, విద్య నిధులు కొంత దక్కాయి. రిపబ్లికన్లు మొత్తం ఖర్చును నిజంగానే తగ్గించగలిగారు.

వేసవికి రెండు పక్షాలకూ జ్ఞానోదయమైంది. ఎన్నికలకు ఏమీ చేయకుండా వెళితే ఓటరు ఊరుకోడు. ఆగస్టులో మూడు రోజుల్లో మూడు చట్టాలు వచ్చాయి. 20న కనీస వేతనం పెంపు, 21న ఉద్యోగం మారినా ఆరోగ్య బీమా కొనసాగే ఏర్పాటు, 22న సంక్షేమ సంస్కరణ. ఆ మూడో బిల్లును క్లింటన్ అంతకు ముందు రెండుసార్లు వీటో చేశారు. మూడోసారి కొన్ని మార్పులతో వచ్చినప్పుడు సంతకం చేశారు. పేదలకు దశాబ్దాలుగా ఉన్న హామీ పోయిందని ఆయన సొంత ప్రభుత్వంలోనే కొందరు అధికారులు రాజీనామా చేశారు. ప్రతిష్టంభన తొలగితే వచ్చేదంతా మంచే అనడానికి వీల్లేదు, ఆ చట్టం మీద వాదన నేటికీ ఆరలేదు.

నవంబరు 5న ఓటర్లు క్లింటన్‌ను మళ్లీ గెలిపించారు. ఎలక్టోరల్ ఓట్లు క్లింటన్‌కు 379, డోల్‌కు 159. అదే ఓటర్లు కాంగ్రెస్ రెండు సభల్నీ మళ్లీ రిపబ్లికన్ల చేతికే ఇచ్చారు. విభజిత ప్రభుత్వం ప్రజలు పొరపాటున ఇచ్చిన తీర్పు కాదని అప్పుడు తేలింది.

1997 ఆగస్టు 5న ఆ ఇద్దరే, క్లింటన్, గింగ్రిచ్, సమతుల్య బడ్జెట్ చట్టం తెచ్చారు. మెడికేర్ కోత ఉంది, రిపబ్లికన్లు 1995లో కోరినంత లేదు. పన్నుల తగ్గింపూ ఉంది, అదీ అంత లేదు. 1998 ఆర్థిక సంవత్సరంలో, 1969 తర్వాత మొదటిసారిగా, ఖజానాలో 6,900 కోట్ల డాలర్లు మిగిలాయి. తొంభైల చివర్లో పన్ను రాబడి ఉప్పెనలా పెరగడం అందుకు పెద్ద కారణం. 1995 శీతాకాలంలో ఏ అంకె మీద తలుపులు మూసుకున్నారో ఆ అంకె ఇద్దరి అంచనాల్లోనూ లేని చోట తేలింది.

నవంబరు మూతలో జరిగిన ఇంకో సంగతి అప్పుడు ఎవరి కంటా పడలేదు. జీతగాళ్లను ఇళ్లకు పంపినప్పుడు వైట్ హౌస్‌లో 430 మంది సిబ్బంది 90కి తగ్గారు. వేతనం లేని ఇంటర్నులకు ఆ ఉత్తర్వు వర్తించలేదు. ఖాళీ అయిన కార్యాలయాల్లో ఫోన్లు ఎత్తిందీ, కాగితాలు మోసిందీ వాళ్లే. ఆ రోజుల్లో అధ్యక్షుడికీ ఒక యువ ఇంటర్నుకూ మధ్య మొదలైన సంబంధం 1998 డిసెంబరులో క్లింటన్‌ను అభిశంసన దాకా తీసుకెళ్లింది.

అంతకన్నా ముందే కాంగ్రెస్ ఒక అనూహ్యమైన పని చేసింది. మొత్తం బిల్లును వెనక్కి పంపే అధ్యక్షుడికి, అందులోంచి ఒక్కో వరసను ఏరి కొట్టేసే అధికారాన్ని స్వయంగా రాసిచ్చింది. 1996 ఏప్రిల్ 9న క్లింటన్ ఆ చట్టం మీద సంతకం పెట్టారు. ఇచ్చింది రిపబ్లికన్లు, పుచ్చుకుంది వాళ్లతో అయిదు నెలలు పోరాడిన డెమోక్రాట్. 82 చోట్ల ఆ కత్తెర ఆడింది. న్యూయార్క్ నగరం కోర్టుకెక్కింది. 1998 జూన్ 25న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఆరుగురూ ముగ్గురుగా చీలిపోయారు.

(ఒక్క వరస వీటో కథ వచ్చే సంచికలో)